ఇనుము పడని పిల్ల

డాక్టరమ్మ రిపోర్టు చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. మంచి కబురైతే తీయదు.

"ఇనుము పోయినసారి కంటే పెరిగిందమ్మా. ఇంట్లో ఏం పెడుతున్నారు పిల్లకు?"

"మీరు చెప్పిండేటివే మేడం."

"మాత్రలు మానలేదు కదా?"

"ఒక్క పూట కూడా మానల్యా."

"టీ?"

"రెండు పూటలా అన్నంతోనే ఇస్తాండాం. పాలు పోయకుండా."

ఆమె మళ్ళీ కాగితం వైపు చూసింది. నా ఒళ్ళో కూర్చున్న రమ్యశ్రీ చేతికి గుచ్చిన సూది మీది ప్లాస్టరును గోటితో లాగుతోంది. "లాగొద్దు" అన్నాను. ఆ రోజుకు ఆ మాట ఎన్నోసారో నాకే తెలియదు.

"రక్తంతో వచ్చే ఇనుముకు ఈ మాత్రలు సరిపోవాలి. సరిపోవడం లేదంటే పైనుంచి ఏదో చేరుతోంది. ఎవరో పెడుతున్నారు, చూసుకోండి. ఇట్లాగే పెరిగితే గుండెకు పట్టుకుంటుంది. పట్టుకున్నాక నేను చేయగలిగింది పెద్దగా ఉండదు."

మళ్ళీసారి గుండెకు పరీక్ష చేద్దామని చీటీ రాసిచ్చింది. బయట బెంచీల మీద మాలాంటి తల్లులు ఇంకా చాలామంది ఉన్నారు. అందరి ముఖాలూ ఒకేలా ఉంటాయి. నా ముఖం కూడా అట్లాగే ఉంటుందని ఒకసారి మెట్ల దగ్గరి అద్దంలో చూసుకుని తెలుసుకున్నాను.

రమ్యకు ఏడేళ్ళు. తలసీమియా అనే మాట మా ఆళ్ళగడ్డలో ఎవరికీ నోరు తిరగదు. అందుకని రక్తం సరిగా తయారుకాని జబ్బు అని చెప్పి ఊరుకుంటాను. మూడు వారాలకొకసారి కర్నూలు పోవాలి, ఎవరిదో రక్తం ఎక్కించుకుని రావాలి. ఆ రక్తంలో ఇనుము ఉంటుంది. ఒంట్లో చేరిన ఇనుము బయటికి పోవడానికి దేవుడు సరైన దారి పెట్టలేదు. మాత్రలతో బయటికి తోయకపోతే అది కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది. తెల్లగా పాలిపోయి ఉండే నా బిడ్డకు ఉన్నది ఇనుము కరువు కాదు, ఇనుము ఎక్కువ. ఈ సంగతి బుర్రకెక్కడానికి నాకే ఏడాది పట్టింది, ఇక ఊళ్ళోవాళ్ళను ఏమనను? కనిపించిన ప్రతి మనిషీ ఖర్జూరం పెట్టు, బెల్లం పెట్టు, రాగిజావ తాపు అని చెప్పేవాళ్ళే. మొదట్లో నిలబడి వివరంగా చెప్పేదాన్ని. ఇప్పుడు "సరేలే అక్కా" అని ముందుకు పోతాను.

టీ సంగతి డాక్టరమ్మే చెప్పింది. టీ ఆకులో ఉండే వగరు అన్నంలోని ఇనుమును పట్టేసుకుని ఒంటికి పట్టనీయదట. మామూలు ఆడవాళ్ళకు అది నష్టం. రక్తం తక్కువున్నవాళ్ళను భోజనం మీద టీ తాగొద్దంటారు. నా బిడ్డకు మాత్రం ఆ నష్టమే లాభం. "టీ చేసేది కొంచెమేనమ్మా, అసలు పని మాత్రలదే. అయినా కొంచెం ఎందుకు వదులుకోవాలి?" అంది. పోతూ పోతూ ఇంకో మాట కూడా అంది. "పేపర్లలో యాంటీ ఆక్సిడెంట్లని రాస్తుంటారు చూడు, ఈ వగరు కూడా ఆ జాతిదే." ఆ మాటను నేను ఇంటికి మోసుకుపోయి అందరికీ చెప్పాను.

మా ఇంటి వరసలు కొత్తవాళ్ళకు అర్థం కావు. నేను పెళ్ళి చేసుకున్నది మా అమ్మ తమ్ముణ్ణి. మైదుకూరులో పుట్టి, మేనమామ ఇంటికే కోడలిగా వచ్చాను. మా అత్త రాజ్యలక్ష్మమ్మ నాకు అమ్మమ్మ కూడా. నేను అవ్వా అంటాను, రమ్య జేజీ అంటుంది, మా ఆయన రాఘవేంద్రప్రసాద్ అమ్మా అంటాడు. ఆయన్ను నేను ఇప్పటికీ మామా అనే పిలుస్తాను. మా వైశ్యుల ఇళ్ళలో మేనరికం లేదంటేనే వింతగా చూస్తారు. రమ్యకు జబ్బని తేలినప్పుడు డాక్టరమ్మ మా ఇద్దరి రక్తం పరీక్ష చేసి, ఇద్దరిలోనూ సగం సగం దోషం ఉందని, అది ఒకే ఇంటినుంచి వచ్చి ఉంటుందని చెప్పింది. ఆ మాట కూడా ఇంటికి మోసుకుపోయాను. అవ్వ ఆరోజు దీపం పెట్టే వేళయిందని లేచి వెళ్ళిపోయింది.

ముందు కిరాణా అంగడి, వెనక ఇల్లు. పక్కనే నబీ సాహెబ్ టీ హోటలు. రెండు పూటలా ఆయన భార్య బషీరాబీ రమ్య కోసం పాలు కలపని టీ చిన్న గ్లాసులో పోసి పంపుతుంది. టీ మంచిదని డాక్టరే చెప్పిందన్నాక మామకు హుషారు పుట్టింది. అది రెండు వేల ఏడో సంవత్సరం. ఆదివారం పేపరు తెరిస్తే చాలు, ఒక పేజీ నిండా ఈ యాంటీ ఆక్సిడెంట్ల గొడవే. టీ, ఉసిరి, పసుపు, నేరేడు అన్నీ రంగుల బొమ్మలతో వేసిన ఒక పేజీ కత్తిరించి అంగడి స్తంభానికి అతికించాడు. ఉసిరి లేహ్యం సీసాలు, గ్రీన్ టీ పొట్లాలు తెప్పించి వరసగా పేర్చాడు. జనం వచ్చి, "ఆ యాంటీది ఏదో ఉండాదంట, అది ఇయ్యప్పా" అని అడిగి కొనుక్కుపోయేవాళ్ళు. నాకు నవ్వొచ్చేది. అప్పుడు ఇంకా నవ్వే ఓపిక ఉండేది.

ఆ రోజు కర్నూలు నుంచి బస్సులో వస్తుంటే ఓర్వకల్లు రాళ్ళు దాటేసరికే రమ్య నిద్రపోయింది. రక్తం ఎక్కించిన రోజు దాని పెదవులకు కాస్త రంగు వస్తుంది. ఆ రంగు చూసుకుని సంతోషపడటం కూడా మానేశాను. వచ్చిన ప్రతి రంగు వెనకా ఇనుము ఉందని తెలిశాక ఇంకేం సంతోషం? నంద్యాల దాకా ఒకటే ఆలోచన. ఎవరు పెడుతున్నారు? బడిలోనా? పక్కింట్లోనా? నడుము పీకుతోంది, తొడ తిమ్మిరెక్కింది, పిల్లను కదిలిస్తే లేస్తుందని కదల్లేదు.

ఇంటికి పోతూనే బషీరాబీ దగ్గరికి వెళ్ళాను. రంజాను నెలలో వాళ్ళింట్లో ఖర్జూరాలు ఉంటాయి, పిల్లేమో అక్కడే ఆడుకుంటుంది. నా గొంతులో కోపం నాకే వినిపించింది.

"అక్కా, పాపకు ఖర్జూరాలు ఏమన్నా పెడ్తాండారా?"

ఆమె పొయ్యి దగ్గరినుంచి లేచి వచ్చి నా ముఖం చూసింది. "నువ్వు వద్దని చెప్పినంక నేనెందుకు పెడ్తామ్మా? పండగనాడు సేమ్యా తీసుకొని ఇంటికొస్తే గూడా, ఇందులో ఖర్జూరం ఉండాది పాపకు పెట్టొద్దని మీ అవ్వకు చెప్పే ఇచ్చినా." తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "రిపోర్టు బాగలేదా?"

బాగలేదని తల ఊపాను. ఆమె టీ పోసిచ్చింది. అనుమానపడినందుకు సిగ్గుపడుతూ తాగాను.

అసలు సంగతి మరునాడు పెరట్లో దొరికింది. కాళ్ళు కడుక్కుందామని నీళ్ళ గోలెం దగ్గరికి పోతే, దాని పక్కన ఒక బాణలి బోర్లించి ఉంది. అది మా ఇంటి ఇనప బాణలి. ఇనప పాత్రల్లో వండొద్దని డాక్టరమ్మ చెప్పిన రోజే నేను దాన్ని అటకెక్కించాను. ఇప్పుడు కింద ఉంది. తిప్పి చూశాను. బయటంతా ఎప్పటి మసి అప్పటిలాగే ఉంది. లోపల మాత్రం కొత్త స్టీలు గిన్నెలాగా తెల్లగా మెరుస్తోంది. ఏ పీచు పెట్టి తోమినా ఇనుము అట్లా మెరవదు. పులుపు పెట్టి ఉడికిస్తేనే మెరుస్తుంది. మెరుపు రావాలంటే పైన ఉన్న ఇనుము ఎక్కడికో పోవాలి కదా.

అవ్వ ఏం దాచినా దేవుని గూట్లోనే దాస్తుంది, నేరుగా అక్కడికి పోయాను. పటాల వెనక చేయి పెడితే చిన్న జాడీ తగిలింది. మూత తీస్తే ఉసిరికాయ ముక్కలు, బెల్లం పాకంలో, కాటుక లాగా నల్లగా ఉన్నాయి. బెల్లం ఒక్కటే ఉంటే ఎర్రగా ఉండాలి. ఆ నలుపు ఎక్కడిదో నాకు అర్థమైంది.

అవ్వ వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. జాడీ తీసుకొచ్చి ఆమె ముందు పెట్టాను.

"ఏందవ్వా ఇది?"

"ఉసిరిక పాకం."

"ఎవరికి?"

"ఇంకెవరికి? పాపకే. అన్నం తిన్నంక ఒక ముక్క పెడ్తాండా. నువ్వు అరుస్తావని చెప్పల్యా."

"ఎప్పట్నుంచి?"

"పోయిన కార్తీకం నుంచి. ఎండబెట్టి పెట్టుకున్న ముక్కలు శానా ఉండాయి, అయిపోయినప్పుడు మళ్ళా చేస్తాండా." ఆమె గొంతులో దాపరికం లేదు. కొంచెం గర్వం కూడా ఉంది. "టీనీళ్ళల్లో ఏదో ఉండాది, అది పాపకు మంచిదని మీ డాక్టరమ్మే చెప్పె గదా. ఆ స్తంభానికి అంటించిన పేపరు మీ మామ నాకు చదివి వినిపించినాడు. అదే సరుకు ఉసిరికాయలో టీ కంటే శానా ఎక్కువుండాదంట. మేలు రకం ఇంట్లో పెట్టుకొని పసిబిడ్డకు ఆ చేదునీళ్ళు తాపేదెందుకని నేనే చేసినా."

నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. తాత పెంచలయ్య బతికి ఉన్నప్పటినుంచీ అంగట్లో కూర్చుని సరుకు చూసిన మనిషి ఆమె. కందిపప్పులో రెండు రకాలుంటే, చేత్తో తడిమి మేలైనది పక్కన పెట్టగలదు. ఒక పేరు మీద వచ్చే సరుకంతా ఒకటేనని, అందులో మంచిది ఏరుకోవాలని తప్ప ఆమెకు ఇంకోలా తోచదు. పేపరు వాళ్ళు రెండింటికీ ఒకే పేరు పెట్టారు. టీలోని వగరు ఇనుమును అడ్డుకుంటుంది, ఉసిరిలోని పులుపు చేయి పట్టుకుని లోపలికి తీసుకొస్తుంది. పైగా బెల్లం. పైగా ఇనప బాణలి.

"బాండ్లి నేను అటక మీద పెట్టింటి గదా. దాంట్లో ఎందుకు చేసినావు?"

"ఉసిరిక ఇనపదాంట్లో చేస్తేనే రక్తం పడుతుందని మా అత్త చెప్తాండె. అందరికీ అట్లనే చేసి పెట్టినా. మీ అమ్మకు, మీ మామకు, నీకు. నీకు ఎర్రగా రక్తం పట్టలేదా?"

రాత్రంతా నిద్ర లేదు, ముందురోజంతా బస్సులు, ఆసుపత్రి. నా నోటికి అడ్డు లేకపోయింది.

"నువ్వు పెట్టే ముక్క ముక్కకూ దాని గుండె తుప్పు పడ్తాండాదవ్వా. ఇంక ఎన్నాళ్ళు పెడ్తావు? అది చచ్చేదాకా పెడ్తావా?"

అవ్వ చేతిలో చింతపండు అట్లాగే ఉండిపోయింది. నన్ను చూసింది. తర్వాత లేచి చేయి కడుక్కుని అంగడి వైపు పోయింది. జాడీని నేను దిబ్బలో పారబోశాను. ఆ కోపంలో బాణలిని కూడా పాత ఇనుము వాడికి వేశాను. సాయంత్రం మామ వచ్చి సంగతంతా విని, స్తంభం మీది పేపరు చించేశాడు. సగం వచ్చింది. సగం స్తంభానికే అంటుకుని ఉండిపోయింది.

ఆ రోజునుంచి అవ్వ రమ్యకు అన్నం పెట్టలేదు.

రమ్య పుట్టినప్పటినుంచీ దానికి తినిపించేది అవ్వే. ముద్ద ముద్దకూ ఒక కథ, ఒక బెదిరింపు, ఒక బుజ్జగింపు. గంట పడుతుంది. నాకు ఆ గంట ఎక్కడిది? నేను పెడితే రెండు ముద్దలు తిని మూతి తిప్పుకుంటుంది. జేజి కావాలంటుంది. జేజి వసారా దాటి లోపలికి రాదు. పొద్దస్తమానం అంగట్లో గల్లాపెట్టె పక్కన కూర్చుని రోడ్డు చూస్తుంటుంది. తన కంచం కూడా తానే కడుక్కుంటుంది. "అమ్మా, లోపలికి రామ్మా" అని మామ బతిమాలితే, "ఈడ గాలి బాగుండాది లేరా" అంటుంది. గాలీ లేదు పాడూ లేదు, లారీలు లేపిన దుమ్ము తప్ప.

బషీరాబీ పంపిన టీ గ్లాసు చల్లారిపోయి అట్లాగే వెనక్కి పోయేది. అన్నమే లోపలికి పోనప్పుడు టీ దేన్ని అడ్డుకుంటుంది? నేను అరిచేదాన్ని. రమ్య ఏడ్చేది. అది నిద్రపోయాక కంచంలో ఎండిపోయిన అన్నం చూస్తూ కూర్చునేదాన్ని. ఇనుమును ఆపానని ఒక పూట కూడా హాయిగా అనిపించలేదు.

మళ్ళీ కర్నూలు. ఈసారి గుండె పరీక్ష కూడా. చీకటి గదిలో పిల్ల గుండె తెర మీద కదులుతుంటే నేను చూడలేక కిటికీ పరదా వైపు చూశాను.

"గుండె ఇప్పటికి బాగానే ఉంది," అంది డాక్టరమ్మ. "ఇప్పటికి అంటున్నాను. కానీ బరువు తగ్గిందేంటి?"

జరిగింది చెప్పాను. ఉసిరికాయ, బాణలి, అవ్వ, నేనన్న మాట, అన్నీ. ఆమెకు కోపమొస్తుందనుకున్నాను. ఆమె కూడా అలిసిపోయినట్టుంది, నుదురు రుద్దుకుంది.

"ఇనుము వద్దన్నాను కానీ అన్నం వద్దన్నానా? ఎవరు పెడితే తింటుందో వాళ్ళతోనే పెట్టించండి. ఏం పెట్టాలో చెప్పి పెట్టించండి, అంతే. తర్వాత ఎవరమ్మా?"

తర్వాతి తల్లి అప్పటికే లోపలికి వచ్చేసింది.

ఇంటికి చేరేసరికి దీపాల వేళ దాటింది. అవ్వ అంగడి మెట్టు మీదే కూర్చుని ఉంది. బస్సు దిగి మేం నడిచి వస్తుంటే దూరంనుంచే లేచి నిలబడింది.

"గుండె బాగుండాదంట అవ్వా," అన్నాను. ఆమె రెండు చేతులూ జోడించి ముఖానికి పెట్టుకుంది. "రా, పాపకు అన్నం పెట్టు. పొద్దున్నుంచి ఏమీ తినల్యా."

"నేను పెట్టను మే. నా చెయ్యి మంచిది గాదు."

"ఏదో నోరు జారి అంటి. దాన్ని పట్టుకొని కూర్చుంటే ఎట్ల?"

"నువ్వన్నదానికి గాదు." ఆమె మళ్ళీ మెట్టు మీద కూర్చుని చీరకొంగు వేళ్ళకు చుట్టుకుంటూ మాట్లాడింది. "మీ ఇద్దరికీ ముడి పెట్టింది నేనే గదా వాసవీ. మీ అమ్మ వద్దనె. చదువుకునే పిల్ల, బయట ఇద్దామనె. నువ్వు నా కళ్ళ ముందరుంటావని పట్టుబట్టి నేనే చేసుకుంటి. ఆ దోషం ఒకే ఇంటిదని నువ్వు చెప్పిన పొద్దునుంచి నాకు ముద్ద దిగల్యా. నా రక్తమే పాపకు ఎక్కించండని మీ మామను అడిగినా. నా వయసుకు తీసుకోరంట. ఇంక నేను ఇయ్యగలిగింది ఏముండాది? అందుకే ఉసిరిక చేసినా."

ఏడుద్దామన్నా నాకు ఓపిక లేదు. ఇన్నాళ్ళూ ఆమె మీద కోపం ఉందని కూడా నాకు తెలియలేదు, ఉసిరికాయకు కాదు, ఆ ముడి పెట్టినందుకు. అది ఉందని తెలిసిన క్షణంలోనే చాలా పాతబడిపోయినట్టు అనిపించింది. ఆమె మోచెయ్యి పట్టుకుని లేపాను. పక్షి బరువు కూడా లేదు.

వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టాను. అన్నం, బీరకాయ కూర, పెరుగు కంచంలో పెట్టి ఆమె ముందుంచాను. బషీరాబీ ఇంటినుంచి వేడి టీ తెచ్చి పక్కన పెట్టాను. రమ్య పరిగెత్తుకొచ్చి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

అవ్వ కూర కలిపి ముద్ద చేసింది. రమ్య నోటి దాకా తీసుకుపోయి ఆపి, నా వైపు తిరిగింది.

"బీరకాయ పెట్టొచ్చునా?"

"పెట్టవ్వా."

ముద్ద పెట్టింది. రెండోది చేసింది. మళ్ళీ ఆగింది. "నెయ్యి వేయొచ్చునా?"

ఈ ఇంట్లో అందరి నోళ్ళలోనూ అన్నం పెట్టిన మనిషి, నా నోట్లో పెట్టిన మనిషి, ముద్ద చేతిలో పట్టుకుని నా అనుమతి కోసం చూస్తోంది. తల ఊపాను.

"జేజీ, అమ్మను ఎందుకు అడుగుతాండావు?" అంది రమ్య. "నన్ను అడుగు. నాకన్నీ తెలుసు. బెల్లం తినగూడదు, ఖర్జూరం తినగూడదు, అన్నం మీద పుల్లటివి తినగూడదు. డాక్టరమ్మ ప్రతిసారీ చెప్తాది గదా."

"నీకు తెలుసునా?" అవ్వ ముద్దను కంచంలో దించింది. "మరి నేను ఉసిరిక పెడ్తాంటే వద్దని చెప్పకపోతివే నా తల్లీ?"

"నువ్వు ముక్క పెట్టి, బాగుండాదా అని అడుగుతావు గదా." టీ గ్లాసు రెండు చేతులతో ఎత్తి ఒక గుక్క తాగి, చేదుకు ముఖం చిట్లించింది. "వద్దంటే నువ్వు ఏడుస్తావని తిన్నా."

అవ్వ నన్ను చూసింది. నేను అవ్వను చూశాను. రమ్య గ్లాసు కింద పెట్టి, నోరు తెరిచి, తర్వాతి ముద్ద కోసం కాచుకుని కూర్చుంది.